వరసలో ఒక్క ఎర్ర పన్ను

రాలువానా,
2012 మే 6, ఆదివారం

తమ్ముడు తోవుయాకి అక్క వినియా రాసేది.

ఫోను చేస్తే ఎత్తడం లేదని అలగకు. గుట్ట మీద టవరుకున్న బ్యాటరీలు ఎవరో ఊడబెరుక్కుపోయి నెల దాటింది. అవి ఎవరింట్లో దీపాలు వెలిగిస్తున్నాయో ఊరందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తరు. చర్చి పాటల సాధన ఆ దీపాల కిందే జరుగుతోంది మరి. అందుకని ఈ ఉత్తరం సరుకు ఓడలో పనిచేసే మన లెవి చేతికిచ్చి పంపుతున్నాను.

శుభవార్త. మన రెల్వికి సంబంధం కుదిరేలా ఉంది. మాటుపిట్ దీవి పిల్లవాడు, పేరు జోయెల్, వడ్రంగం చేస్తాడు. మాట తక్కువ, పని ఎక్కువ, మీ బావకి సరిగ్గా తిరగేసిన మనిషి. జూన్ 16 శనివారం వాళ్ళవాళ్ళంతా మనింటికి వస్తున్నారు. వాళ్ళు వక్కలు పెట్టగానే మేనమామవి నువ్వు అందుకుని నమలాలి. పిల్ల మన అమ్మ వంశానిది. తండ్రి ఎంత ఎగిరినా, తల్లి ఎంత ఏడ్చినా, నీ నోట్లో వక్క పడితేనే మాట ఖాయం. నీకు చెప్పేపని లేదనుకో.

జోయెల్ నాయనమ్మ ఎవరో తెలుసా? ఇయాతుకా! నువ్వు పదకొండేళ్ళప్పుడు పడవేసుకుని వెళ్ళి మామిడికాయలు దొంగిలించింది ఆవిడ చెట్టువే. ఆవిడ ఒక్క అరుపు అరిస్తే జారి పడవ అంచు మీద పడి ముందు పన్ను రాలగొట్టుకున్నావు. ఆ పన్ను ఇంకా వాళ్ళ రేవులోనే ఎక్కడో ఉండాలి. ఇప్పుడావిడకి నోట్లో ఒక్క పన్నూ లేదు గానీ పెత్తనం మాత్రం నిండుగా ఉంది. ఆవిడ ఊ అంటే అందరూ ఊ అంటారు.

ఇక ఒక మాట. లెవి పోయినసారి అక్కడ బస్సుల దగ్గర నిన్ను చూసి వక్క ఇవ్వబోతే వద్దన్నావట! మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడావట! నిజం చెప్పు. శనివారం చర్చివాళ్ళలో కలిశావా? వాళ్ళు వక్కా ముట్టరు, పందీ ముట్టరు. కలిస్తే కలిశావు, ముందే చెప్పు, పందిని మేపుతున్నాను.

నీ అక్క,
వినియా


పోర్ట్ మోర్స్బీ,
మే 14

అక్కకి,

ఉత్తరం అందింది. నువ్వు పంపిన గాలిప్ పప్పులు కూడా అందాయి. అవి తినకూడదు కాబట్టి వాసన చూసి డబ్బాలో పెట్టాను.

నేను ఏ చర్చిలోనూ కలవలేదు. పందిని బాగా మేపు. అసలు సంగతి చెప్తాను, చదివి నవ్వకు, బావకి అసలు చదివి వినిపించకు. పళ్ళు తెల్లబరిపించుకుంటున్నాను.

నా బస్సులో కోకి దగ్గర రోజూ పొద్దున్నే గేవా అనే ఆవిడ ఎక్కుతుంది. ఇక్కడి మోటు తెగ మనిషే, మొగుడు పోయి నాలుగేళ్ళయింది. పళ్ళ డాక్టరు దగ్గర పని. నేను అద్దంలోంచి రోజూ నవ్వేవాణ్ణి. నెల రోజులు ఊరుకుంది. ఒకరోజు దిగుతూ దిగుతూ, "డ్రైవరుగారూ, మీరు నవ్వినప్పుడల్లా ఎవరో మూతి పగలగొట్టారేమోనని గుండె ఝల్లుమంటోంది. నోరు మూసుకుని అయినా నవ్వండి, మా డాక్టరు దగ్గరికైనా రండి" అంది. మర్నాడే వెళ్ళాను.

డాక్టరు కొత్తగా వచ్చాడు. గోడ మీద పెట్టుకోడానికి ఒక నోరు కావాలట, ముందు ఎలా ఉండేదో, తర్వాత ఎలా అయిందో రెండు బొమ్మలు. నా నోరు చూసి ఆయన కళ్ళు మెరిశాయి. ముందు పుచ్చిపోయిన రెండు పళ్ళు పూడ్చాడు. పుచ్చు పళ్ళకి తెల్లబరిచే మందు తగిలితే ప్రాణం పోతుందట. తర్వాత రెండు పూటలు గీకారు. రాలిందంతా గిన్నెలో వేసి చూపించింది గేవా, ముప్ఫై ఏళ్ళ వక్కా సున్నమూను. "దీనితో గోడ కట్టచ్చు" అంది. గీకితేనే సగం ఎరుపు పోయింది. మిగతాది పళ్ళలోపలికి ఇంకిపోయిందట. దానికి నా పళ్ళ అచ్చు తీసి మెత్తటి తొడుగు చేశారు. అందులో మందు చుక్కలు చుక్కలుగా వేసి రోజూ సాయంత్రం గంటసేపు పెట్టుకోవాలి.

మొదటిరోజు ఎక్కువ వేస్తే ఎక్కువ తెలుపొస్తుందని తొడుగు నిండా పోశాను. చిగుళ్ళు కాలి పాలిపోయాయి. గేవా ఎన్ని తిట్టిందో! "ఇది కూరలో కొబ్బరిపాలు కాదు, ఎక్కువ పోస్తే రుచి రావడానికి" అంది. చల్లనీళ్ళు తాగితే పంటి వేళ్ళదాకా జివ్వుమంటోంది. అది కొన్నాళ్ళకి తగ్గుతుందిట. ఇది పూర్తయ్యేదాకా రంగున్న తిండి వద్దంది. అన్నం, కొబ్బరి, ఉడికించిన చేప, అరటిపండు. నేను తెల్ల తిండి తింటూ తెల్ల మందు పూసుకుంటూ బతుకుతున్నాను.

16కి తప్పకుండా వస్తాను. వక్క సంగతి వచ్చాక చూద్దాం.

తమ్ముడు
తోవుయా


రాలువానా,
మే 23

ఒరేయ్ తమ్ముడూ,

ఎంత జబ్బుపడ్డావురా, తోడబుట్టినదాన్ని నాకైనా చెప్పలేదు!

నీ ఉత్తరాన్ని మీ బావ లాక్కుని చర్చి వాకిట్లో పెద్ద గొంతుతో చదివాడు. పళ్ళు తెల్లబరచడమనేది కట్టుకథ అని ఊరంతా ఒక్క మాట మీద ఉన్నారు. ఎందుకంటే లెవి కళ్ళారా చూశాడు. నీకు ఉత్తరం ఇవ్వడానికి ఆ పళ్ళ డాక్టరు దగ్గరికొస్తే, గోడ మీద నీ నోటి బొమ్మ తలుపంత పెట్టి ఉందట. మొహం లేదు, నోరొక్కటే. అయినా పోల్చుకున్నాడు. ఆసుపత్రి గోడ మీద నోటి బొమ్మ పెట్టారంటే ఎందుకు పెడతారు? రోగం ముదిరితే ఇలా ఉంటుందని చూపించడానికే. మన ఆరోగ్య కేంద్రంలో కుళ్ళిన కాలి బొమ్మ లేదూ? దానికి తోడు ఉడికించిన చేప, అరటిపండు! నాన్న పోయేముందు నెల్లాళ్ళూ తిన్నది అదే కదరా.

పోయిన ఆదివారం నీ నోటికోసం ప్రార్థన చేశారు. ఆడవాళ్ళ సంఘం వాళ్ళు నాలుగు బుట్టల చేమదుంపలు, రెండు గెలల అరటి, కొబ్బరికాయలు కూడబెట్టారు. తెల్ల కోడిని కూడా పంపుదామంది ఒకావిడ. కోడి లోపల తెల్లగానే ఉంటుంది, బయటి రంగుతో పనేమిటని నేను ఆపాను.

నిన్ను నమ్మిన మనిషి ఒక్కడే, మీ బావ. "మందు డబ్బాలో ఉంటే ఏమిటి, కొండ మీంచి పడితే ఏమిటి? తోమితే తెల్లబడాల్సిందే" అని తవుర్వుర్ నిప్పుకొండ బూడిద మెత్తగా జల్లించి, నిమ్మరసంలో కలిపి, చిటికెడు సున్నం వేసి తోముకుంటున్నాడు. మూడు రోజులకి పళ్ళు మెరిశాయి. ఊళ్ళో మగాళ్ళు క్యూ కట్టారు. నాలుగోరోజు నుంచి నీళ్ళు తాగితే మీ బావ పెట్టే కేకలకి కుక్కలు అరుస్తున్నాయి. పెదవి బొబ్బలెక్కింది. పళ్ళు ఊడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం!

ఇదంతా సరేలే. నువ్వు రాసిన చివరి మాట కొంప ముంచింది. "వక్క సంగతి వచ్చాక చూద్దాం" అని బావ అరిచి చదివిన మాట మర్నాటికల్లా మాటుపిట్ చేరింది. ఇయాతుకా ఏమందో తెలుసా? "మేనమామకి ఇష్టం లేదు. లేకపోతే రోగం. లేకపోతే రెండూ. వక్క నమలని మేనమామ ఇంటికి నేను పడవ దింపను" అంది. రెల్వి రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. "మామయ్య నామీద కోపంగా ఉన్నాడా అమ్మా?" అని అడిగింది. ఏం చెప్పను?

వెంటనే రాయి. వస్తావా? నములుతావా? ఈ రెండు ముక్కలే రాయి.

వినియా


పోర్ట్ మోర్స్బీ,
జూన్ 1

అక్కకి,

వస్తాను. రెండో ముక్కకి కొంచెం కథ ఉంది.

ముందు రెల్వితో చెప్పు, దానిమీద నాకు కోపం ఎందుకుంటుంది? అది పుట్టినప్పుడు దాన్ని వర్షంలో ఎత్తుకుని రోడ్డు దాకా పరిగెత్తిన వాణ్ణి నేను. నాకు రోగం లేదు. గోడ మీద ఉన్నది ముందు బొమ్మ. తర్వాత బొమ్మ పెట్టడానికి ఇంకా నోరు తయారవలేదు. లెవి సగం చూసి పూర్తిగా మోసుకొచ్చాడు. చేమదుంపలు అందాయి. మా వీధంతా తింటున్నాం.

బావని ఆ బూడిద ఆపమను, ఇవాళే, ఈ ఉత్తరం చదువుతుండగానే. గేవాకి చెప్తే కుర్చీలో కూలబడింది. ఆ బూడిదలో గాజుపొడి లాంటిది ఉంటుందట. నిమ్మరసం పంటి పైపొరని మెత్తబరిస్తే బూడిద దాన్ని చిత్రికపడుతుంది. తెల్లబడటం కాదు, అరిగిపోవడం. పైపొర పోతే లోపలున్నది పసుపు, అది మళ్ళీ మొలవదు. "మీ బావగారు కొండ నాలుకకి మందేసి ఉన్న నాలుక ఊడగొట్టుకునే రకంలా ఉన్నారే" అంది. నేను ఔనన్నాను.

ఇప్పుడు రెండో ముక్క. అక్కా, నేను గేవాకి మాటిచ్చాను, ఇక వక్క నమలనని. పళ్ళ రంగు కోసం కాదు. నమిలితే రంగు మళ్ళీ దిగుతుంది, అది వేరు. ఆవిడ మొగుడు నోట్లో పుండు లేచి పోయాడు. వక్క వల్లేనని డాక్టర్లు చెప్పారు. చివరి ఆర్నెల్లూ ఆయనకి గొట్టంతో గంజి పోసింది. పళ్ళు గీకించుకున్న రోజున నా బుగ్గలు తిరగేసి లోపలంతా చూసి, ఏమీ లేదని తెలిశాక, ఆవిడ కుర్చీ లాక్కుని కూచుని ఇదంతా చెప్పింది. అప్పుడు ఒట్టేశాను. రెల్వి కోసం తల ఇమ్మన్నా ఇస్తాను. నోరు మాత్రం ఇచ్చేశాను.

ఇంకో అవమానం కూడా ఉంది. నీకు తప్ప ఎవరికీ చెప్పను. పళ్ళన్నీ బాగానే తెల్లబడ్డాయి, మరీ గోడ బొమ్మంత కాదు గానీ కొబ్బరి ముక్కంత. ఒక్కటి మాత్రం పచ్చివక్క ఉమ్మిన రంగులోనే ఉంది. అప్పుడు ఊడిన దాని చోట పెట్టిన ఆ కట్టుడు పన్ను. ఇరవై ఏళ్ళప్పుడు రబౌల్లో కట్టించుకున్నాను గుర్తుందా? పళ్ళు కట్టే ముసలాయన తెల్లటిది పెడితే, ఎర్ర పళ్ళ మధ్య ఒక్కటి తెల్లగా ఉందని సిగ్గుపడి, మళ్ళీ వెళ్ళి మిగతావాటికి కలిసేట్టు రంగు కలిపించి చేయించుకున్నాను. ఈ మందు సొంత పళ్ళని తెల్లబరుస్తుంది గానీ కట్టుడు పన్నుని కదిలించలేదట. డాక్టరు ముందే చెప్పాడంటుంది గేవా. అప్పుడు నా నోట్లో తొడుగుంది, నేను ఊఁ అన్నానట. వచ్చే నెల తెల్లది చేయించి పెడతామంది. అందాకా నవ్వకుండా బస్సు నడుపుతున్నాను.

ఏదో ఒక ఉపాయం ఆలోచించు. నువ్వే చిన్నప్పటినుంచీ ఆలోచించేదానివి.

తోవుయా


రాలువానా,
జూన్ 8

తమ్ముడికి,

తల వద్దు. నోరే కావాలి.

గేవాగారు చెప్పినది న్యాయమే. మీ బావ కూడా బూడిద పారబోశాడు. కానీ ఇయాతుకాకి న్యాయం చెప్పే మొనగాడు ఈ తీరంలో పుట్టలేదు. పది మంది కాళ్ళావేళ్ళా పడితే, పడవ దింపుతానని ఒప్పుకుంది. వచ్చి, చూసి, వక్క పెడుతుందట. నమిలితే సరి, లేకపోతే వచ్చిన పడవలోనే వెనక్కి. పిల్లవాడు వేరే సంబంధం చేసుకోవాల్సిందే.

నాకు ఉపాయమేదీ తట్టలేదు. రెల్వి నీకోసం చొక్కా కుట్టింది. తెల్లది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వినియా


తోకువా విమానాశ్రయం,
జూన్ 17, ఆదివారం

అక్కకి,

కొండ మళ్ళీ బూడిద కక్కిందని విమానం ఆపేశారు. రేపు బస్సు తియ్యకపోతే పని పోతుంది కాబట్టి ఇక్కడే కూచున్నాను. చెప్పకుండా వాళ్ళ పడవలోనే వెళ్ళిపోయానని తిట్టుకుంటూ ఉంటావు. నీ మొహం చూస్తే ఏడుస్తానని భయపడ్డాను, అంతే.

నువ్వు "వీడే నా తమ్ముడు" అంటే ఇయాతుకా "అబద్ధం ఆడే అవసరం పిల్ల తల్లికంటే ఎవరికుంది? పో, పోయి కుండ చూసుకో" అని నిన్ను వంటపాకలోకి తరిమింది కదా. ఆ తర్వాత జరిగింది నీకు సరిగ్గా ఎవరూ చెప్పి ఉండరు. బావ చెప్పి ఉంటే అసలే నమ్మకు.

చాప మీద నన్ను మధ్యలో కూచోబెట్టి చుట్టూ ఇరవై మంది చూశారు. ఎర్రది కనబడకుండా నేను పైపెదవి బిగించుకున్నాను, కింది పళ్ళు మాత్రం తెల్లగా బయటపడ్డాయి. జోయెల్ పెదనాన్న అన్నాడు, "ఇతను మోర్స్బీ నుంచి అద్దెకి తెచ్చిన మనిషి. తోవుయాని నేను ఎరుగుదును, వాడి నోరు కుంపటిలో నిప్పులా ఉండేది. అసలు మామకి పెళ్ళి ఇష్టం లేక ఎవణ్ణో పంపాడు." అందరూ ఔనౌనన్నారు. ఒకడు నా పేరు అడిగాడు. చెప్పాను. "పేరు ఎవడైనా నేర్చుకుంటాడు" అన్నాడు. మన అమ్మ పేరు, తాత పేరు, పడవ పేరు చెప్పాను. "బాగా నేర్పారు" అన్నాడు. అక్కా, నేను నేనేనని సొంత వాకిట్లో రుజువు చేసుకోలేకపోయాను!

అప్పటిదాకా ఇయాతుకా ఒక మూల రోలులో తన వక్క దంచుకుంటూ కూచుంది. రోకలి పక్కన పెట్టి, పాక్కుంటూ వచ్చి, "నోరు తెరు" అంది. తెరవలేదు. నా ముక్కు మూసింది. ఊపిరి కోసం తెరిచాను. వేలు లోపల పెట్టి ఒక్కొక్క పన్నే తడుముకుంటూ వచ్చింది, అమ్మేవాడు దుంపలు ఎంచినట్టు. ఆ ఎర్రటి దాని దగ్గర ఆగింది. ఊపి చూసింది. ఇక నవ్వు మొదలుపెట్టిందే! నేలమీద దొర్లి నవ్వింది. "వీడే! నా మామిడికాయల దొంగ! ఈ సందు నేను చేసిందే! ఆ రోజు రక్తం చూసి నేనూ వారం రోజులు నిద్రపోలేదురా" అంది. తర్వాత నా బుగ్గ మీద ఒక్కటి వేసింది, ముప్ఫై ఆరేళ్ళ బాకీ.

వక్క తెచ్చి పెట్టారు. నేను నిజం చెప్పేశాను. గేవా సంగతి, ఆవిడ మొగుడి సంగతి, నా ఒట్టు సంగతి, అన్నీ. వాళ్ళలో ఇద్దరికి నోటి పుండుతో పోయిన అన్నదమ్ములున్నారట. వక్క నా ముందే ఉంది. జోయెల్ తల వంచుకున్నాడు. మెట్ల మీద రెల్వి కాళ్ళు మాత్రం కనిపించాయి, కదలకుండా. నా ఒట్టు గట్టిదా, ఆ పిల్ల గట్టిదా అని అక్కడే నలిగిపోయాను.

ఇయాతుకానే తేల్చింది. "ఒట్టు వేసింది ఎవరు? నువ్వు. ఈ పన్ను నీదా? కాదు. కట్టిన వాడిది, ఆ ఖాళీ చేసిన నాది. దీనికి ఒట్టు లేదు. దీనితో కొరుకు, మింగకు, నమలకు, ఉమ్మెయ్" అంది. పెదనాన్నలంతా తలలు కలిపి మాట్లాడుకుని, సబబుగానే ఉందన్నారు.

అంతే అక్కా. సున్నం అద్దిన గోటి మొనంత వక్క ముక్కని, మిగతా పళ్ళేవీ తగలకుండా, పెదవి పైకెత్తి, ఆ ఒక్క పంటితో కొరికాను. ఇరవై మంది ఊపిరి బిగబట్టి చూశారు. ఉమ్మాను. ఎర్రగానే పడింది. నీకు వంటపాకలోకి వినిపించిన అరుపు అదే.

ఇప్పుడు గేవాకి ఏం చెప్పాలో తెలియడం లేదు. విమానం ఎంత ఆలస్యమైతే అంత మంచిదనిపిస్తోంది.

తోవుయా


రాలువానా,
జూన్ 26

తమ్ముడికి,

నువ్వు పడవెక్కి పారిపోయిన సంగతి పందిని కోసేటప్పుడు తెలిసింది. నీ వాటా ఎవరు తిన్నారో అడగకు.

రెల్వి పది రోజులుగా పాడుతూనే ఉంది. పెళ్ళి డిసెంబర్లో. మీ బావ మెత్తటి గంజి తాగుతూ ఊరందరికీ దంతవైద్యం చెప్తున్నాడు. "బూడిద వాడకండి, నా మాట వినండి, దానిమీద నేను చాలా చదివాను" అంటున్నాడు. ఆ మందు ఒక చిన్న డబ్బా పంపగలవా అని అడిగాడు. డాక్టరు ఈయన నోరు చూడకుండా పంపకు. పుచ్చు పళ్ళు పూడ్చకుండా ఆ మందు తగిలితే ప్రాణం పోతుందని నువ్వే రాశావు, మర్చిపోకు.

నీతో చెప్పని మాట ఒకటుంది. ఆ పొద్దున నువ్వు ట్రక్కు దిగి గుమ్మం దగ్గర నిలబడి నవ్వబోయి ఆపుకున్నావు చూడు, అప్పుడు నేనూ నిన్ను పోల్చుకోలేదు. ఎవరో ఆఫీసరు దారి తప్పి వచ్చాడనుకుని, "ఎవరు కావాలండీ?" అనబోయాను. నీ పేరు నోటిదాకా రావడానికి ఒక్క క్షణం పట్టింది. అమ్మ పోయాక నాకు మిగిలింది నువ్వొక్కడివి, నిన్నే పోల్చుకోలేకపోయాను. వంటపాకలో ఉల్లిపాయలు తరక్కపోయినా ఏడ్చాను. తర్వాత ఆ అరుపుకి బయటికొచ్చి చూస్తే నువ్వు నోరు తెరిచి ఉన్నావు, ఆ ఎర్రది కనబడింది. పడవలో రక్తం కారుతూ కూచుని, మామిడికాయ మాత్రం వదలకుండా పట్టుకుని, "అక్కా, సగం నీకు" అన్న పిల్లాడు కనబడ్డాడు.

గేవాగారికి నా తరఫున చెప్పు. పెళ్ళికి తప్పకుండా రావాలి, ఇయాతుకా పక్కనే చాప వేస్తాను, వాళ్ళిద్దరూ తేల్చుకుంటారు. నీ బుగ్గలు ఏడాదికి రెండుసార్లు తిరగేసి చూడమను. ఒట్టు ఒట్టే, నిన్ను మళ్ళీ వక్క నమలమని ఈ ఇంట్లో ఎవరూ అడగరు. తెల్ల పన్ను చేయించే సంగతి మాత్రం కొంచెం ఆగమను. నోరంతా ఆవిడే తీసుకోమను, మాకు అభ్యంతరం లేదు. ఆ ఒక్క పన్ను మాకు వదిలెయ్యమను.

నీ అక్క,
వినియా